రైలు రాకముందు విన్న చప్పుడు

ఒక చిన్న చప్పుడు నా చెవిలో పాతికేళ్లుగా ఉండిపోయింది. పొడిగా, టిక్ మని. ఎండుపుల్ల విరిచినంత. అంత చిన్నదానికి ఇంత బరువేమిటని మీరడగొచ్చు. నా భార్యకి చెప్పలేదు. ఆ రోజు మైదానంలో ఉన్నవాళ్లెవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతున్నట్టుంది.

వైటూకే రోజులవి. సిడ్నీలో, టూంగాబీ స్టేషన్ దగ్గర ఒక పాత అద్దె ఇంట్లో నాలాంటి కుర్రాళ్లం కొందరం ఉండేవాళ్లం. అమీర్‌పేటలో కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని విమానమెక్కిన వాళ్లలో నేనొకణ్ణి. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలుంటే నాలుగు చెయ్యడం మా పని. చెయ్యకపోతే ప్రపంచం ఆగిపోతుందన్నారు. కొత్త సంవత్సరం వచ్చింది. ప్రపంచం ఆగలేదు, మా కాంట్రాక్టులు ఆగిపోయాయి.

ఆ ఇంట్లోనే ఎల్డన్ ఉండేవాడు. వెస్టిండీస్‌లో ఒక చిన్న దీవి అతనిది. నేను ఆడే క్రికెట్ క్లబ్ ఆ సీజన్‌కి జీతమిచ్చి తెచ్చుకున్న ఆటగాడు. అద్దె తక్కువని మా ఇంట్లో ఒక గది ఇప్పించారు. "మా దీవిలో గాల్లోకి కొడితే బంతి సముద్రంలో పడుతుంది, అందుకే నేలబారుగా కొట్టడం నేర్చుకున్నా" అనేవాడు. అక్కడ దీవులన్నిటికీ కలిపి ఒకే జట్టు. చిన్న దీవివాడు అందులోకి రావాలంటే పెద్ద దీవివాడికి రెండింతలు ఆడాలి. ఎల్డన్ ఆడాడు, వచ్చాడు, రెండు మ్యాచుల తర్వాత పక్కన పెట్టేశారు. అప్పట్నుంచి ఎవరు పిలిస్తే ఆ ఊరికి పోయి ఆడుతూ, మళ్లీ ఎవరి కళ్లలోనైనా పడతానేమోనని చూస్తున్నాడు. ఇంకొక్క మంచి సీజన్ చాలు అనేవాడు.

మా గోంగూర పచ్చడి కలుపుకుని కళ్లనీళ్లు కారుస్తూ తినేవాడు. నన్ను 'మాస్టర్' అని పిలిచేవాడు. ఒకసారి నేలకి తగిలిన క్యాచ్‌ని క్యాచ్ కాదని నేనే చెప్పానట, అందుకని. అబద్ధమాడని మనిషినట.

నా ఆట సంగతి అడక్కండి. పదకొండోవాడిగా దిగేవాణ్ణి. మా లీగ్‌లో ఫైనల్‌కి తప్ప అంపైర్లు రారు. బ్యాటింగ్ చేసే జట్టువాళ్లే ఇద్దరు తెల్లకోట్లు వేసుకుని నిలబడాలి. చివర్న దిగేవాడికి తీరిక ఎక్కువ కదా, ఒక కోటు ఎప్పుడూ నాకే.

నేను చెప్పబోయే రోజుకి ముందు శనివారం మా కెప్టెన్‌ని నాటౌట్ అన్నాను. నిజంగానే నాటౌట్. అవతలి జట్టువాడొకడు నా పక్కనుంచి పోతూ, "మీవాళ్లంతా ఇంతే" అన్నాడు. నలుగురు నవ్వారు. వారమంతా ఆ మాట నన్ను కొరుక్కుతింది. నేను దొంగనా? కాదే. మరి గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం దేనికి?

తర్వాతి శనివారం ఎల్డన్ ఆట చూడటానికి ఇంగ్లండ్ నుంచి ఒకాయన వచ్చాడు. అక్కడి క్లబ్బులకి బయటి దేశాల ఆటగాళ్లని ఎంచే మనిషి. మడతకుర్చీ వేసుకుని బౌండరీ పక్కన కూర్చున్నాడు. ఎల్డన్ ఆ పొద్దున ఏమీ తినలేదు. ఇక ఆ రోజు అవతలి జట్టు కెప్టెన్ ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో మేనేజరు, ఉద్యోగాలకి మనుషుల్ని తీసుకుంటున్నాడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. ఈ ముక్క చెప్పకుండా దాటేద్దామని ఇప్పుడు కూడా మనసు వెనక్కి లాగుతోంది.

ఎల్డన్ మూడు ఫోర్లు కొట్టాడు. మూడూ నేలబారుగానే. ఆ తర్వాతి బంతి లోపలికి దూసుకొచ్చింది. బ్యాట్ లోపలి అంచుకి టిక్ మని తగిలి, అప్పుడు ప్యాడ్‌కి కొట్టుకుంది. ముందు బ్యాట్‌కి తగిలితే ఎల్బీడబ్ల్యూ లేదని మన సందుల్లో ఆడే పిల్లలకి కూడా తెలుసు. జట్టు జట్టంతా నావైపు తిరిగి అరిచింది. అప్పుడే మైదానం పక్కన బ్లాక్‌టౌన్ వెళ్లే రైలు రొదపెట్టుకుంటూ వచ్చింది. ఎంత రొదైనా ఆ 'మీవాళ్లంతా ఇంతే' నాకు వినపడుతూనే ఉంది. నా వేలు పైకి లేచింది.

సొంత జట్టువాడికి, అందులోనూ ఒకే ఇంట్లో ఉండేవాడికి అవుటిచ్చిన మనిషి! అవతలివాళ్లు నా భుజం తట్టారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ తట్టు నాకు హాయిగా అనిపించింది. ఇంగ్లండ్ ఆయన టీ దాకా కూడా ఆగలేదు. కుర్చీ మడుచుకుని వెళ్లిపోయాడు.

టీ విరామంలో నేను వెళ్లేసరికి షెడ్డు వెనక కుళాయి దగ్గర ఎల్డన్ నెత్తిమీద నీళ్లు పోసుకుంటున్నాడు. ప్యాడ్లింకా విప్పలేదు. మొహంలో కోపం లేదు.

"మాస్టర్, బంతి బ్యాట్‌కి తగిలినట్టు నా చేతులకి తెలిసింది. నీకేమైనా వినిపించిందా?"

నేను తెల్లకోటు బొత్తాలు విప్పుకుంటున్నాను.

"రైలు వచ్చింది కదా. ఆ గోలలో వినపడలేదేమో?"

నేను తప్పించుకోడానికి తనే తలుపు తెరిచి పట్టుకున్నాడు. అవును, గోలలో వినపడలేదేమో అంటే సరిపోయేది. అదీ అబద్ధమే గాని, అతనికి తన చేతుల మీద నమ్మకమైనా మిగిలేది. నాకేమో, పొరపాటు చేశానన్న మాట బయటికి పోకూడదు. అవతలి కెప్టెన్ చెవిన అసలు పడకూడదు.

"రైలు రాకముందే పడింది బంతి" అన్నాను. "చప్పుడేం లేదు."

ఎల్డన్ తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు.

"అయితే నా చేతులే అబద్ధం చెప్పాయి. నువ్వు చెప్పవు కదా."

వేలెత్తడం ఒక్క క్షణంలో జరిగింది, పిరికితనం అనుకోండి. కుళాయి దగ్గర నాకు కావలసినంత వ్యవధి ఉంది. అయినా అన్నాను. ఉద్యోగం కోసమా? పేరు కోసమా? ఏదని చెబితే నాకు తక్కువ నొప్పో వెతుక్కుంటూ ఇన్నేళ్లూ గడిపాను. రెండూ నిజమే.

ఆ వారంలోనే అవతలి కెప్టెన్ ఫోన్ చేశాడు. సొంత మనిషినే అవుటిచ్చేవాడు తన టీంలో ఉండాలన్నాడు. ఆ ఉద్యోగంతోనే ఇక్కడ నిలబడ్డాను. ఇల్లు, కారు, అమ్మాయి యూనివర్సిటీ చదువు, అన్నీ దాని మీదే. ఆఫీసులో నా నిజాయితీ గురించి కొత్తవాళ్లకి కథగా చెబుతారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఎల్డన్ ఆ సీజన్‌లో మళ్లీ ఆడలేకపోయాడు. బంతి వస్తుంటే చేతులు ముందుకెళ్లి ఆగిపోయేవి. ప్రతి బంతి తర్వాతా బ్యాట్ అంచు చూసుకునేవాడు. క్లబ్ మళ్లీ పిలవలేదు, ఇంగ్లండ్ అసలే పిలవలేదు. ఎయిర్‌పోర్టులో నన్ను వాటేసుకుని, పచ్చడి సీసా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

కొన్నేళ్ల కిందట ధైర్యం చేసి ఫోన్ చేశాను, చెప్పేద్దామని. దీవిలో వ్యాను నడుపుతున్నాడు, సాయంత్రాలు పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. నా గొంతు వినగానే ఎంత సంబరపడ్డాడో! "పిల్లలకి నీ సంగతి చెబుతుంటాను మాస్టర్. మీ చేతుల్ని నమ్మకండిరా, అంపైర్‌ని నమ్మండి అని." నేను నవ్వాను. అవును, నవ్వి, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి పెట్టేశాను.

ఇప్పుడు చెబితే అతనికి ఏం తిరిగొస్తుంది? ఏమీ రాదు. చెప్పకపోతే నాకేం మిగులుతుంది? మీరు నన్ను క్షమించక్కర్లేదు, ఆ హక్కు మీది కాదు. ఆ కుళాయి దగ్గర అనాల్సిన మాట ఒక్కసారైనా, ఎవరి ముందైనా, నా నోటితో అనాలి. అంతే.

విన్నాను, ఎల్డన్. రైలు రాకముందే విన్నాను. బంతి బ్యాట్‌కే తగిలింది. నీ చేతులు నిజమే చెప్పాయి.