అటక మీది మెత్త టైర్లు

వీధిలో ఆయన్ని అందరూ గోరు బాబాయ్ అంటారు. టైరు కోసం ఎవరొచ్చినా ముందు వాళ్ల పాత టైరు మీద బొటనవేలి గోరు గుచ్చి చూస్తాడు. గోరు దిగితే మెత్త రబ్బరు. దిగకపోతే గట్టిది. ఆ తర్వాతే నోరు విప్పుతాడు.

"గట్టిది ఎక్కువ కాలం వస్తుంది. మెత్తది రోడ్డును పట్టుకుంటుంది. రెండూ ఒక్కదాంట్లో కావాలంటే వేరే కొట్టు చూసుకో."

కొట్టు ఒకే గది. గోడ మేకులకు టైర్లు, మూలన ట్యూబులు ముంచి చూసే నీళ్ల తొట్టి. పొద్దున షట్టరు ఎత్తగానే ముందు రబ్బరు వాసన బయటికి వస్తుంది. తర్వాత ఆయన లోపలికి వెళ్తాడు.

జనం ఎక్కువగా గట్టిదే అడుగుతారు. ఆయనకూ అదే ఇష్టం. తాను వేసిన టైరు ఏళ్ల తరబడి మళ్లీ కొట్టు ముఖం చూడకపోతే పని బాగా చేసినట్టు అనిపిస్తుంది. భార్య బండికీ అదే వేశాడు.

ఆమెది తపాలా ఉద్యోగం. కొండ మీది ఇళ్లకు ఉత్తరాలు, పార్సిళ్లు మోటారు సైకిలు మీద తీసుకెళ్లేది. బండి నడపడంలో ఆయనకన్నా ఆమెదే పైచేయి. ఎక్కడికి వెళ్లినా ఆమె ముందు, ఆయన వెనక. వీధి కొన్నాళ్లు నవ్వి, విసుగొచ్చి మానేసింది.

పోయిన వానాకాలంలో, కొండ దారిలోని పంపుహౌసు మలుపు దగ్గర, బండి ఆమె కింది నుంచి పక్కకు జారిపోయింది. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. టైరు గీతలు ఇంకా లోతుగానే ఉన్నాయి. టైరు అరగలేదు. తడి రోడ్డును పట్టుకోనూ లేదు.

మోచెయ్యి మానింది. ఆమె మాత్రం మళ్లీ బండి ఎక్కలేదు. ఆఫీసులో ముద్రలు కొట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇదివరకు ఇంటికి రాగానే కొండ కబుర్లు మొదలయ్యేవి. ఎవరింట్లో మేక ఈనింది, ఎవరి ఉత్తరాల డబ్బాలో పిట్ట గూడు పెట్టింది. ఇప్పుడు అన్నం తిని పడుకుంటోంది. వానలు మొదలయ్యేలోపు తేల్చుకోమన్నాడు ఆఫీసు పెద్ద. లేకపోతే కొండ దారి ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

"ఇచ్చేయమను," అంది ఆమె, కంచంలోకి చూస్తూ.

ఆ మాట ఆయనకు మింగుడు పడలేదు.

ఇంట్లో అటక మీద ఒక జత టైర్లున్నాయి. తన చేతిలోకి వచ్చినవాటిలో గోరు అంత తేలిగ్గా దిగిన రబ్బరు ఇంకోటి లేదు. ఏళ్ల కిందట ఆమె బండికనే కొన్నాడు. ఇంత మంచివి రోజువారీ తిరుగుడుకా అనిపించింది. ఆమె రిటైరయ్యాక ఇద్దరూ సముద్రం పక్క రోడ్డు మీద వెళ్లేటప్పుడు వేద్దామని పాత దుప్పటిలో చుట్టి పైన పెట్టాడు. ఆ ఇంట్లో మంచి వస్తువు ఏదొచ్చినా అంతే. ముందు దాచేవాళ్లు, వాడటం తర్వాత.

ఇప్పుడు వాటిని దించాలనుకున్నాడు. నిచ్చెన పట్టుకోవడానికి బామ్మర్ది వచ్చాడు. మెకానిక్కు. చేతులకన్నా నోరు ఎక్కువ పనిచేస్తుంది.

"బావా, మీకన్నా ముందు ఎలకలు సముద్రం చూసొచ్చాయేమో, చూడు."

"నోరు మూసుకుని నిచ్చెన పట్టుకోరా."

దుప్పటి విప్పారు. కొత్త టైరు మీద ఉండే వెంట్రుకల్లాంటి రబ్బరు మొలకలు చెక్కుచెదరలేదు. ఆయన గోరు గుచ్చాడు. దిగలేదు. ఇంకోచోట గుచ్చాడు. గోరే వంగింది. టైరు పక్కభాగాన్ని రెండు చేతులతో వంచి కిటికీ వెలుతురుకు పెట్టాడు. ఎండిన పెదవి మీద ఉన్నట్టు సన్నటి పగుళ్లు.

"తయారైన తేదీ చూడకుండా టైరు కొనొద్దని ఊరందరికీ చెప్పేది నువ్వే కదా బావా! ఊరికే ఉన్నా రబ్బరు గట్టిపడుతుందని నీకు తెలియదా?"

"తెలుసు."

"మరి?"

"కొట్లో ఉన్నవి టైర్లు. ఇవి ఇంట్లో దాచుకున్నవి," అన్నాడు ఆయన.

ఆయన రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి చూశాడు. వేసేయొచ్చు. చూడ్డానికి కొత్తవే. వాటిని చూస్తే ఆమెకు ధైర్యం రావచ్చు, బండి ఎక్కొచ్చు. ఆయన వాటిని కొట్టుకు తీసుకెళ్లి నేల మీద పెట్టాడు. పక్కకొట్టు కాఫీ అతను తొంగి చూశాడు.

"కొత్తవే! నీకొద్దంటే నాకిచ్చెయ్ బాబాయ్."

"కొత్తవాటిలా ఉండటమే వీటితో చిక్కు," అని కత్తి తీసుకుని, ఎవరూ బండికి ఎక్కించకుండా, రెండింటినీ అడ్డంగా కోసేశాడు.

సాయంత్రం ఆమెతో చెప్పాడు.

"అటక మీది టైర్లు పోయాయి."

"ఎవరెత్తుకెళ్లారు?"

"ఎవరూ కాదు. ఉన్నచోటే పోయాయి. గోరు దిగట్లేదు."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. "గోరు బాబాయ్ ఇంట్లోనా!" ముద్రల బల్ల దగ్గరికి వెళ్లినప్పటి నుంచి ఆ నవ్వు ఆయన వినలేదు.

"నీ బండికి గట్టివి వేసింది నేనే. అరక్కపోతే చాలనుకున్నాను," అన్నాడు.

నవ్వు ఆగింది. "ఆ మలుపులో తడిగా ఉంటే బండి నా మాట వినేది కాదు. టైర్ల మనిషివి, నీకు చెప్పేదేముందని ఊరుకున్నా. లోపం నాలోనే ఉందనుకున్నా. వయసైపోయిందనుకున్నానయ్యా."

"వయసైపోయింది నీకు కాదు, అటక మీదవాటికి."

మెత్త టైర్లు తెప్పించాడు. ముందు తేదీ చూశాడు, తర్వాత గోరు గుచ్చాడు. బామ్మర్ది బిగించాడు. కొత్త టైరు మీద నున్నటి పొర ఉంటుంది. అది అరిగేదాకా బండిని మలుపుల్లో వంచకూడదు.

"వీధుల్లోనే తిరుగుతాను. కొండెక్కమనొద్దు," అంది ఆమె.

ఆయన వెనక కూర్చున్నాడు.

"అక్కా, వెనక బస్తా గట్టిగా కట్టావా?" అని అరిచాడు బామ్మర్ది.

గిడ్డంగుల వెంట, స్టేషను వెనక, ఆటస్థలం చుట్టూ తిరిగారు. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. తుంపర మొదలైంది. కొండ మొదట్లో ఆమె బండి ఆపి కాలు కింద పెట్టింది. ఇంజను ఆపలేదు.

ఆయన దిగి వెనక టైరు మీద గోరు గుచ్చాడు. రబ్బరు వెచ్చగా ఉంది. నెలవంకలాంటి గాటు పడి, మెల్లగా పూడుకుంది.

"పొర పోయింది," అన్నాడు.

ఆమె దారి వైపు చూసింది. "ఎక్కు," అంది.

పంపుహౌసు మలుపు దగ్గర ఆయన రోడ్డు చూడలేదు, ఆమె మెడ వైపే చూశాడు. బండి వంగింది. ఆయనా వంగాడు. కింద టైరు రోడ్డును పట్టుకోవడం సీటులోంచి తెలిసింది. మలుపు దాటాక ఆమె గేరు మార్చింది. మరికొంత దూరం వెళ్లాక మాటలు మొదలుపెట్టింది. నీలం గేటు వాళ్ల మేక గురించి ఏదో. గాలికి సగం వినబడలేదు. ఆయన ఊఁ కొడుతూ కూర్చున్నాడు.

పైన బండి ఆపింది. "ఎన్నాళ్లొస్తాయి ఇవి?"

"ఎక్కువ రావు. త్వరగా అరిగిపోతాయి."

"అరిగితే మళ్లీ వేస్తావుగా?"

"వేస్తాను."

"సరే. కొండ నాదేనని రేపు మా పెద్దాయనతో చెప్తా." బండిని కిందికి తిప్పింది. మలుపు మళ్లీ ముందుంది. "బస్తా, గట్టిగా కూర్చో."