చెంగమ్మ కన్నం

మా చిన్నమ్మ చెంగమ్మ లెక్కలో ముఖంలో ఎక్కడ నొప్పి పుట్టినా తప్పు పన్నుదే. డాక్టర్లు ఆగమన్నా వినకుండా ఐదేళ్లలో కుడివైపు రెండు పళ్లు పీకించుకుంది. నొప్పి పోలేదు. ఇక ఆ వైపు కింద మిగిలింది ఒక్క దవడపన్ను. అదీ పోతే మెతుకు నలగదు.

వాషర్‌మెన్‌పేట్ చీరల కొట్లకు ఫాల్స్ కుట్టడం ఆమె పని. రోజుకు ఎనిమిది చీరలు, ఇరవై రెండేళ్లుగా.

మొన్న నొప్పి చెవిదాకా ఎక్కింది. వీధి చివర కొత్తగా తెరిచిన పళ్ల క్లినిక్‌కు తీసుకెళ్లాను. డాక్టరు గురుప్రసాద్‌ది గుంటూరు.

"ఏం బాధమ్మా?"

"కన్నం సార్. ఈపక్క కన్నం నొస్తా ఉండాది. పీకేయండి."

ఆయన అద్దం పెట్టి చూశాడు. "నిజమే, చిన్న కన్నం ఉంది. సిమెంటు పెడితే సరిపోతుందేమో."

"వద్దు సార్. పీకి పారేస్తే పీడ పోతాది."

"సరే. మత్తు ఇస్తాను. నొప్పి కన్నంలోనేగా?"

"ఆమా సార్, కన్నమంతా." చెవి నుంచి గడ్డం దాకా అరచేత్తో రాసి చూపించింది.

సూది గాల్లో ఆగింది. "అంత పెద్ద కన్నమా?"

నాకు అప్పుడు వెలిగింది. "సార్, మీ కన్నం బొక్క, మా కన్నం చెంప. ఇక్కడ మాకంటుకున్న అరవం మాట."

ఆయన నవ్వుతూ సూది పక్కన పెట్టాడు. చెవి ముందు వేలితో నొక్కితే చిన్నమ్మ కెవ్వుమంది. నోరు తెరిపిస్తే కీలు టిక్కుమంది. ఏం పని చేస్తారని అడిగితే చీరలకు ఫాల్స్ కుడతానంది.

"దారం ఎలా తెంపుతారు?"

నా చొక్కా గుండీకి వేలాడే పోగును పట్టి, దవడ పక్కకు తోసి, పుటుక్కున కొరికేసింది. "ఇట్ట."

"అదీ సంగతి. పన్ను, చిగురు, నరం, ముక్కు పక్క సైనస్ గది, ఏది చెడినా నొప్పి చెంపలోనే పలుకుతుంది. మీకు అలిసింది దవడ కీలు. వేడి కాపడం పెట్టండి. దారానికి కత్తెర వాడండి."

"కత్తెర తీసి పెట్టేలోగా ఎనిమిది చీరలు ఎట్టయితాయి?"

"ఆరు కుట్టండి."

"మిగతా రెండూ మీరు కుట్టిస్తారా?" అని కసిరింది. "అయితే సార్, ముందు పోయిన రెండు పళ్లూ ఊరికే పోయినట్టా?"

"నేను చూడలేదమ్మా. చెప్పలేను."

చిన్నమ్మ ఖాళీ చిగురు మీద నాలుకతో తడుముకుంది. పెద్దగా నోరు తెరిచి, మిగిలిన పన్ను చూపించింది.

"సిమెంటు పెట్టండి."