మూడో తరగతి గుమ్మడికాయ

మూడో తరగతి టీచరమ్మకు ఏ పాఠానికైనా ఒక్క గుమ్మడికాయ చాలు. లెక్కల్లో దాన్ని తూకం వేయిస్తుంది, సైన్సులో తీగ కథ చెబుతుంది, సోషల్‌లో అది పండిన పొలానికి దారి గీయిస్తుంది. మధ్యమధ్యలో భుజాల మీది సుద్దపొడి దులుపుకోవడం ఆవిడకు అలవాటు. ఆ గురువారం భాష పీరియడ్‌లో, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత చెప్పింది. ఇక కాయతో చెప్పాల్సిన పాఠాలు అయిపోయాయి కదా అని సాయంత్రం కాయను ఇంటికి పట్టుకెళ్లి శుభ్రంగా వండేసింది.

మర్నాడు తనిఖీకి వచ్చిన అధికారి టీచరమ్మ రాసుకున్న పాఠాల పుస్తకం తిరగేశాడు. "అన్నిటికీ గుమ్మడికాయేనా? ఏదమ్మా అది, చూపించండి."

టీచరమ్మ అలవాటుగా రెండు భుజాలూ దులుపుకుంది. తరగతంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందు బెంచీ పిల్ల లేచి నిలబడింది.

"నిన్నటి సామెత సార్. టీచర్ చేసి చూపిస్తున్నారు."