చెంప మీద గాలి బుడగ

పుంగనూరులో మాది స్టిక్కర్ల అంగడి. మా ఆయన కంప్యూటర్లో బొమ్మ సర్ది ప్రింటు తీస్తాడు. బండికి అతికించేది నేను. దేవుళ్లు, హీరోలు, పిల్లల ఫోటోలు, ఊరి పేర్లు, ఇన్నేళ్లలో ఎన్ని అతికించానో. పనిలో ఉన్నంతసేపూ నా నోరు ఊరకుండదు. బండి తెచ్చినవాళ్లతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాను.

నిరుడు చలికాలంలో, మదనపల్లె మార్కెట్ యార్డులో టమేటాలు దించి కుప్పానికి వెనక్కి పోతున్న టెంపో ఒకటి మా అంగడి ముందర ఆగింది. నడుపుతున్నవాడిదే బండి. ఫోన్లో కూతురి ఫోటో చూపించి, తన వైపు డోరు మీద పెద్దదిగా వేయమన్నాడు. రెండు జడలు, జడల నిండా కనకాంబరాలు, కళ్లు మూసుకుపోయేంత నవ్వు. క్యాబిన్లో అతని భార్య కూర్చోనుంది. ఆమె ఒడిలో తలకు మఫ్లరు చుట్టుకుని ఒక బిడ్డ నిద్రపోతున్నాడు. కొడుకనుకున్నాను.

ప్రింటు వచ్చినాక డోరు శుభ్రంగా తుడిచి, సబ్బునీళ్లు చల్లి, స్టిక్కరు వెనక కాగితం ఊడదీసి మెల్లగా పరిచాను. గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ ముక్కతో నడుమ నుంచి అంచులకు నీళ్లూ గాలీ తోసుకుంటూ పోయాను.

"పాప ఏం సదువుతాందప్పా?"

"మూడు."

"ఎంత లచ్చణంగా ఉండాదో! ఈ జడలు వాళ్లమ్మ ఏసిందా?"

అతను క్యాబిన్ వైపు చూశాడు. నేనూ పట్టించుకోలేదు.

ఆ డోరుకు అడ్డంగా రేకులో ఒక మడత ఉంది. పాప చెంప సరిగ్గా దాని మీద పడింది. అక్కడ శనగ్గింజంత గాలి బుడగ నిలిచిపోయింది. ఎంత తోసినా కదల్లేదు. అట్లాంటప్పుడు మేము గుండుసూదితో సన్నగా ఒక పోటు పొడిచి వేలితో అదుముతాము. గాలి పోయి అతుక్కుంటుంది. సూది తీసి చెంప మీద ఆనించబోయాను.

"గుచ్చొద్దక్కా!"

ఆ కేకకు పక్కంగడి వాళ్లు కూడా బయటికొచ్చారు. అతను నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆ బిడ్డకు సూదులు గుచ్చింది సాలక్కా" అన్నాడు.

ఆ పాప ఇక లేదనే అనుకున్నాను. లేని బిడ్డ జడల గురించి ఇంతసేపూ నవ్వుతూ అడిగానే అని సూది వెనక్కి తీసుకున్నాను.

అంతలో అవతలి తలుపు తీసుకుని తల్లి ఒడిలో నిద్రపోయిన ఆ బిడ్డ దిగి వచ్చింది. మఫ్లరు జారి మెడలో పడింది. తల మీద ఒక్క వెంట్రుక లేదు. కనుబొమ్మలూ లేవు. డోరు మీది బొమ్మను చూసి నవ్వేసరికి కళ్లు మూసుకుపోయాయి. అప్పుడు గుర్తుపట్టాను.

"అది ఫోటో కదా నాయనా. దానికి నొప్పి యాల పుడతాది?" అంది పాప.

అతను చక్రం పక్కనే నేల మీద కూలబడి, మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. వెనకే దిగి వచ్చిన తల్లి నాతో మెల్లగా చెప్పింది. "రక్తంలో జబ్బమ్మా. ఈ పొద్దు కూడా మదనపల్లెలో డాక్టరుకు సూపిచ్చుకోని వస్తాండాము."

సూది లోపల పెట్టేసి, వేడిగాలి మిషను పట్టి, స్టిక్కరును అంచు నుంచి చెంపదాకా లేపి, మళ్లీ నీళ్లు చల్లి పరిచాను. కొంచెం గట్టిగా లాగితే ముఖం సాగిపోతుంది. ఊపిరి బిగబట్టుకుని, రేకు మడతలోకి బొటనవేలితోనే అదుముకుంటూ వచ్చాను. పాప నా పక్కనే నిలబడి చూసింది. బుడగ పోయింది. వాళ్లు వెళ్లిపోయినాక కూడా నేను చాలాసేపు ఏ బండినీ ముట్టుకోలేదు.

మొన్న ఎండాకాలం మొదట్లో ఆ టెంపో మళ్లీ వచ్చింది. అతనొక్కడే దిగాడు. పాప ఎట్లుందని అడగడానికి నోరు రాలేదు. డోరు వైపు చూడలేకపోయాను.

"బడికి పోయిండాదక్కా" అన్నాడు అతనే. "జుట్టు వస్తాంది. ఆ జడల ఫోటో తీసేసి ఇది ఎయ్యమంటాంది."

ఫోన్లో పాప పొట్టి జుట్టుతో, బూట్లు వేసుకోకుండానే మెడలో సంచీ తగిలించుకుని నవ్వుతోంది.

"అయితే పాతది పీకాల గదప్పా" అన్నాను.

అతను కాసేపు ఆ బొమ్మ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"పీకక్కా. నేను టీ తాగొస్తా" అని రోడ్డు దాటి పోయాడు. నేను పని ముగించేదాకా ఇటు తిరగలేదు.