కంప్యూటర్ భాయ్ పచ్చలైటు

పాల్వంచలో ఒక ఫ్యాక్టరీలో వసీం కంప్యూటర్లు చూసేవాడు. తాత అత్తరు అమ్మాడు, తండ్రి వాచీలు బాగుచేశాడు, ఈయన ఏకంగా ఏసీ గదిలో కూర్చున్నాడు. కూలీలు "కంప్యూటర్ భాయ్" అని పిలిస్తే ఛాతీ ఉబ్బేది. ఉబ్బనీ, తప్పేముంది? అసలు తంటా 2006లో శ్యామల వచ్చాక మొదలైంది.

అంతకు ముందు ఏడాది కంపెనీకి ఒక భయం పట్టుకుంది. ఇక్కడ లెక్కలు దాచే డిస్కుల డబ్బా కాలిపోతే లెక్కలన్నీ గంగలో కలుస్తాయని! అందుకని ఇక్కడ రాసిన ప్రతిదీ అప్పటికప్పుడు హైదరాబాద్ ఆఫీసులో పెట్టిన ఇలాంటి డబ్బాలోనూ రాయాలన్నారు. గేటు దగ్గర హాజరు కార్డు గీకితే, అక్కడ కూడా రాత పడ్డాకే పచ్చలైటు వెలిగేది. దాంతో షిఫ్టు దిగేవాళ్ల లైను కదిలేది కాదు. ఇల్లందు బస్సు కళ్లముందే వెళ్లిపోయేది.

"ఏంది భాయ్, నీ మిషను పండుకున్నదా?" అని జంపయ్య రోజూ దెప్పేవాడు. అడవి పల్లె నుంచి వచ్చే కాంట్రాక్టు కూలీ ఆయన, బస్సు తప్పితే ఇక నడకే. వసీం డిస్కులు పాతబడ్డాయంటూ మేనేజర్ వెంకటనారాయణ చెవిలో పోరి కొత్తవి కొనిపించాడు. లైను అంగుళం తగ్గలేదు.

శ్యామల ఇల్లందు పిల్ల. కొత్త ఇంజనీరుగా వచ్చిన వారానికే కారణం పట్టేసింది.

"డిస్కుల తప్పు లేదన్నా. రాసేముందు మన డబ్బా 'పంపాల్నా' అని హైదరాబాద్‌ను అడుగుతది. అటునుంచి 'పంపు' అన్నంకనే పంపుతది. మళ్ల 'ముట్టింది' అనేదాంక ఆగుతది. ప్రతి రాతకు రెండు తిరుగుళ్లు. ఆ 'పంపు' అనే మాట, మన డబ్బాను హైదరాబాద్ లైనుకు కలిపే ఇక్కడి స్విచ్చే చెప్తే ఒక తిరుగుడు తప్పుతది. 'ముట్టింది' మాత్రం అక్కడినుంచే రావాలె."

స్విచ్చులో ఆ సౌకర్యం మొదటినుంచీ ఉంది. మన భాయ్ ఏనాడూ చూస్తే కదా! ఆ సాయంత్రం లైను చకచకా కదిలింది. జంపయ్య శ్యామలకు రెండు చేతులా దండం పెట్టాడు. "సల్లగుండు బిడ్డా, బస్సు దొరికింది."

వసీం అది చూశాడు. ఇన్నేళ్లలో తనకొక్క దండం పెట్టాడా ఈ ముసలాయన?

"లైను తగ్గింది గదా, మీకేం నొప్పి?" అని భార్య ఆరిఫా నవ్వేసరికి అన్నం ముందునుంచి లేచిపోయాడు.

శ్యామల సెలవు పెట్టిన రోజు చూసి, 'ముట్టింది' కోసం కూడా ఆగొద్దని డబ్బాకు చెప్పేశాడు. ఇక్కడ రాస్తే చాలు, హైదరాబాద్‌కు తీరిగ్గా పోవచ్చు. ఇక చూస్కోండి, కార్డు తాకీ తాకకముందే పచ్చలైటు! "ఇది నేను సెట్ చేసిన, మేడం కాదు" అని గేటు దగ్గర నిలబడి మరీ చెప్పుకున్నాడు. "భాయ్ దుమ్ము లేపిండు" అన్నారందరూ. దండం మాత్రం ఎవరూ పెట్టలేదు.

వానాకాలం మొదట్లో, షిఫ్టు అప్పుడే దిగింది, ఆఫీసు మీద పిడుగు పడింది. డబ్బా మాడిపోయింది. హైదరాబాద్‌లో తెరిచి చూస్తే ఆ షిఫ్టు హాజరే లేదు. తీరిగ్గా పోదామని ఆగినవన్నీ ఇక్కడే బూడిదయ్యాయి.

"కార్డు గీకకుండ పోయినోళ్లకు కూలీ ఎట్లిస్త?" అని కాంట్రాక్టరు హీరాలాల్ మేనేజర్ గదిలో అడ్డం తిరిగాడు.

"వాళ్లు గీకిన్రు సార్," అంది శ్యామల. "మధ్యల సెట్టింగ్ మారింది. చూసుకోవాల్సింది నేను. తప్పు నా మీద రాసుకోండి."

మార్చిందెవరో ఆమెకు తెలుసు. ఆ ఏసీ గదిలోకి పోయేది ఇద్దరే. అయినా వసీం వైపు కన్నెత్తి చూడలేదు. వసీం నోరు మూసుకుంటే గండం గడిచినట్టే. కానీ వెంకటనారాయణ ఆమెను ఎంత మెచ్చుకోలుగా చూస్తున్నాడో చూశాడు వసీం. అంటే ఈ మంచిపేరు కూడా ఈమెకేనా? ఓర్చుకోలేకపోయాడు.

"ఆమె గాదు సార్! నేనే మార్చిన!"

మేనేజర్ ఆ షిఫ్టు అందరికీ హాజరు వేయించాడు. ఏసీ గది తాళాలు శ్యామలకు ఇప్పించి, వసీంను గేటు మిషను దగ్గర కూర్చోబెట్టాడు.

మర్నాడు షిఫ్టు దిగుతూ జంపయ్య అక్కడ ఆగాడు. "నిజం జెప్పినవంట భాయ్. మా కూలీ నిలబెట్టినవ్." రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

వసీం చటుక్కున వెనక్కి తిరిగి, శ్యామల చూసిందా లేదా అని ఏసీ గది కిటికీ వైపు చూశాడు. కిటికీలో ఎవరూ లేరు. మళ్లీ ఇటు తిరిగేసరికి జంపయ్య బస్సెక్కేశాడు.