ఓపెన్‌కాస్టు తలుపు తడితే

ఏ మనిషీ గడప తొక్కని నా గదికి మొట్టమొదటి అతిథి వస్తే, ఆయన్ని తలుపైనా తియ్యకుండా తిట్టి పంపిన ఘనుణ్ని నేను. ఆ ఘనకార్యం ఎలా సాగిందో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి.

కొన్నేళ్ల కిందట పత్రిక వాళ్లు నన్ను గోదావరిఖనిలో విలేకరిగా వేశారు. నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు బొగ్గు గనికి దగ్గర్లో, సగం క్వార్టర్లు తాళాలు వేసి ఉన్న కాలనీ పక్కన గది తీసుకున్నాను. ఎవరైనా వస్తే కూర్చోవాలని రెండు ప్లాస్టిక్ కుర్చీలు కొన్నాను. ఒకదానిలో నేను కూర్చునేవాణ్ని, రెండోదాని మీద నా కాళ్లు కూర్చునేవి.

చేరిన వారంలోనే ఒక మధ్యాహ్నం తలుపు గడగడలాడింది. పెళ్లిచూపులకు వెళ్తున్నవాడిలా జుట్టు దువ్వుకుని తీశాను. ఎవరూ లేరు. మర్నాడూ అంతే. ఆ పై రోజు తలుపు వెనకే పొంచి ఉండి, గొళ్లెం కదలగానే దొంగను పట్టినట్టు ధడాలున తీశాను. ఎదురు క్వార్టరు మెట్ల మీద కూర్చున్న ముసలాయన, కాలనీ అంతా కాక అని పిలిచే కొమురయ్య, నన్నే చూస్తున్నాడు.

"దినాం గట్ల ఉరికొస్తున్నవ్, ఎవలకోసం బిడ్డా?"

ఎవరో తలుపు కొడుతున్నారని చెప్పాను.

"కొట్టేది మనిషి గాదు. ఓపెన్‌కాస్టుల బండలు పేల్చే బ్లాస్టింగు, దినాం ఒక్కపారే. సప్పుడు జెయ్యక పండుకో."

కాక ఏళ్ల తరబడి భూగర్భ గనిలో పనిచేసిన మనిషి. గనిని ఆయన బాయి అంటాడు. ఆ రోజుల్లో సైరన్ కూస్తే కాలనీ అంతా లేచేదట, షిఫ్టుకు సైకిళ్ల మీద గుంపుగా ముచ్చట్లాడుకుంటూ పోయేవాళ్లట. బాయి మూతపడ్డాక జతగాళ్లు ఒకరు మందమర్రికి, ఒకరు కొత్తగూడేనికి బదిలీ అయ్యారు. ఈయన్ని ఓపెన్‌కాస్టులో వేశారు, రిటైరైంది అక్కడే. అక్కడ ఇల్లంత డంపరు లారీలో డ్రైవరు ఒక్కడే ఉంటాడు. ముచ్చట పెట్టడానికి పక్కన మనిషి దొరకడని కాక బాధ.

ఆయన మాట నాకు వేదమైంది. తలుపు ఎంత ఊగినా లేవడం మానేశాను. పడుకునే జవాబులు చెప్పేవాణ్ని. "వచ్చినవా? ఇయ్యాల బొగ్గు బాగ దొరికిందా?" పలకరించే మనిషి లేనివాడు గొళ్లెంతో మాట్లాడితే తప్పేమిటి, మీరే చెప్పండి.

కాకను మాత్రం భోజనానికి పిలుస్తూనే ఉన్నాను. "వస్త తియ్యి" అనేవాడే గానీ రాడు.

ఒక రోజు మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. కూలరు డంపరులా మోత పెడుతోంది. తలుపు కదిలింది. ఊరుకున్నాను. మళ్లీ కదిలింది. మూడోసారికి నాకు రోషం వచ్చింది. కూలరు మోతను మించి అరిచాను.

"ఎన్నిసార్లు కొడుతవ్? నువ్వు నాకు అక్కర లేదు. రేపటి సంది రాకు."

చప్పుడు ఆగిపోయింది. నా మాటకు ఓపెన్‌కాస్టు కూడా భయపడిందని మురిసిపోయి నిద్రపోయాను.

కాసేపటికి మంచం కూడా ఊగింది. అసలు బ్లాస్టింగు. ఒకే మధ్యాహ్నం రెండుసార్లా? గభాలున మంచం దిగాను. తలుపు తీస్తే గడప మీద స్టీలు టిఫిను డబ్బా ఉంది. మూత తీశాను. మటన్ కూర, ఇంకా వెచ్చగానే ఉంది.

చెప్పులైనా వేసుకోకుండా ఎదురింటికి పరుగెత్తాను. కాక సామాను మూట కడుతున్నాడు. క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారట, తెల్లారి మంచిర్యాలలోని తమ్ముడి దగ్గరికి పోతున్నాడట. పోయేముందు ఇద్దరం కలిసి తిందామని వచ్చాడట. నేను బ్లాస్టింగు, గొళ్లెం, కూలరు అంటూ కలగాపులగంగా ఏదో చెప్పాను.

కాక మూట ముడి బిగిస్తూ అన్నాడు. "బాయి బందు వెట్టిన నాడు మేనేజరు గూడ గింత సాఫుగ చెప్పలే, బిడ్డా."

నవ్వాడు. తిందాం రమ్మంటే కాక తల అడ్డంగా ఊపాడు. "నాకిప్పుడు ఆకలి లేదు. సల్లవడుతది, నువ్వు తినుపో."

ఆ కూర రెండు కుర్చీల మధ్య పెట్టుకుని ఒక్కణ్నే తిన్నాను.

కనుక పాఠకులారా, మీ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నా తలుపు కదిలితే, కదిపింది మనిషైనా మందుగుండైనా, ఇక ముందు లేచి తీస్తాను. ఇప్పటికీ అదే కాలనీలో రోజూ మధ్యాహ్నం చొక్కా వేసుకుని తలుపు తీసి, బ్లాస్టింగు లేపిన దుమ్ముకు ఎదురెళ్లి "రండి" అంటున్నాను. దుమ్ము మాత్రం మొహమాటం లేకుండా లోపలికి వచ్చి రెండు కుర్చీల్లోనూ కూర్చుంటోంది.