కంపెనీవాళ్ళు పట్టుకుపోయిన అరగంట

మొన్న మా టీవీ చచ్చి ఊరుకుంటే, కొత్తది కొనడానికి ఇక్కడ కువైట్లో, హవల్లీ బజార్లో ఓ కొట్టుకెళ్ళాం. బిల్లు రాస్తూ రాస్తూ సేల్స్‌మన్ ప్యాకేజీల కాగితం మా ముందు పరిచాడు. ఇన్ని సినిమా ఛానెళ్ళు, ఇంత క్రికెట్టు, నెలనెలా కడుతుంటే చాలు, రికార్డు చేసుకునే పెట్టె ఉచితం. ఆ ఉచితం అన్న మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెట్టె ఎవరిదని అడిగాను. కంపెనీదే మేడమ్ అన్నాడు. మరి అందులో మేం దాచుకున్నది ఎవరిదయ్యా అని గొంతు పెంచేసరికి, మా ఆయన నన్ను మెల్లగా బయటికి తీసుకొచ్చేశారు. నాకెందుకు ఒళ్ళు మండిందో ఆయనకి తెలుసు. కారెక్కాక కూడా నా మొహంలోకి చూడలేదు.

ఏళ్ళ క్రితం ఇదే హవల్లీలో, ఇలాంటి కొట్లోనే, నేను నెలవారీ గొడవ లేని రికార్డరు కొందామన్నాను. డాబా మీద డిష్ పెట్టుకుంటే కొన్ని తెలుగు ఛానెళ్ళు ఊరికే వచ్చేవి. ఒక్కసారి కొంటే పెట్టె మనది, అందులో ఉన్నదీ మనది. మా ఆయన నవ్వారు. "ఊరికే వచ్చేదాంట్లో ఏముంటుందే, భజనలు తప్ప?" అని పెద్ద ప్యాకేజీకి సంతకం పెట్టేశారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో గుచ్చుకుంటుంది. ఎందుకంటే మాకు కావలసి వచ్చింది సరిగ్గా ఆ భజనే.

మా ఇంటికి ఓ కడప అక్క వచ్చేది. ఓ కువైటీ ఇంట్లో పని. శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, సెలవిస్తే బస్సెక్కి మా దగ్గరికొచ్చి, సోఫా ఉండగా కిందే కూర్చుని, ముందుగా మొగుణ్ణి తిట్టేది. ఆ తరవాతే టీ. ఆయన ఊళ్ళో చెక్కభజన గురువు. గజ్జె కట్టి పిల్లలకి అడుగులు నేర్పడం తప్ప పైసా సంపాదన లేదు. నేనిక్కడ బాత్రూములు కడగతాంటే ఆ మనిషి ఆడ చెక్కలు కొట్టుకుంటాండాడని మొదలెడితే, మేం గోదావరివాళ్ళం కూడా నోరు మూసుకుని నేర్చుకోవలసిన తిట్లు వచ్చేవి. అలాంటిది ఓ వారం తిట్టకుండా కూర్చుంది. టీవీవాళ్ళు ఊరికొచ్చి ఆయన భజన వీడియో తీసుకుపోయారట, మంగళవారం అరగంట వేస్తారట. మంగళవారం మామా ఇంట్లో ఆమెకి ఊపిరాడదు.

"నువ్వు పట్టిపెట్టు సెల్లీ. శుక్రారమొచ్చి సూస్తా" అంది.

పట్టిపెట్టాను. ప్యాకేజీతో ఇచ్చిన పెట్టెకి రికార్డు చేసే ఎర్ర మీట నొక్కి, పక్కనే కూర్చుని చూశాను. మెలితిరిగిన మీసం, తెల్ల పంచె, అక్క చెప్పినంత పనికిమాలిన మనిషిలా ఏమీ లేడు. చివర్లో మైకు పెడితే చెమట తుడుచుకుంటూ, "నాదేముంది సార్. నా పెండ్లాం కువైట్లో కష్టపడబట్టే ఈ గజ్జె నిలబడింది" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క చెవులారా వింటుందిలే అని ఫోన్లో చెప్పలేదు.

గురువారం సాయంత్రం నేను కూరలకి వెళ్ళొచ్చేసరికి టీవీ కింద నిగనిగలాడుతూ కొత్త పెట్టె. క్రికెట్టు సిరీసు ఉందని మా ఆయన ప్యాకేజీ మార్పించారు. పాతదేదండీ అంటే, వాళ్ళదే కదా, పట్టుకుపోయారని నిమ్మకు నీరెత్తినట్టు చెప్పారు. ఆ రాత్రి నేనన్న మాటలు ఇక్కడ రాయను. కంపెనీకి శుక్రవారం సెలవు. శనివారం ఫోను చేస్తే అవతల మనిషి పెట్టె తుడిచేశాం, ఖలాస్ మేడమ్ అన్నాడు. ఒక మనిషి జన్మకి దొరికిన ఒక్క మంచిమాట వాడికి ఖలాస్!

ఆ ఫోనుకి ముందురోజే, శుక్రవారం, అక్క తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని వచ్చింది. జరిగింది చెప్పాను. ఆయన మీసం, ఆయన పంచె, చివరికి ఆ మాట, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను.

"పోనీలే సెల్లీ. నా మనసు కోసరం సెప్తాండావు. ఆ మనిషి నోట్లో అట్లాంటి మాట రాదు" అంది.

ఒట్టు పెట్టినా నమ్మలేదు. నా ముందే స్పీకరు పెట్టి మొగుడికి ఫోను చేసి అడిగింది. సిగ్గుపడ్డాడో ఏమో, "ఏందో అంటిలే, ఇప్పుడెందుకది" అని మాట దాటేశాడు. చూసినావా అన్నట్టు అక్క నా వైపు తల తిప్పింది. మా ఆయన వంటింట్లోంచి బయటికి రాలేదు.

ఆ ఛానెల్ మూతపడింది. అక్క ఊరికెళ్ళిపోయింది. ఫోన్లో ఎంత వెతికినా ఆ భజన దొరకలేదు. మంగళవారం ఆ భజన గురువు అన్న మాట శుక్రవారం దాకా ఆగితే చాలనుకున్నాం. ఇన్నేళ్ళయింది, అదింకా ఆమెకి చేరనేలేదు.